కొండకు పోయే దారిలో మా వదిన ఇల్లు

నా పుట్టిల్లు ధర్మవరం, మెట్టినిల్లు హిందూపురం. ఈ రెండు ఊళ్ల మధ్య రైలు పెనుకొండ పక్కనుంచే పోతుంది. పెళ్లయిన కొత్తలో ఒకసారి పుట్టింటి నుంచి తిరిగి వస్తూ, ఏడుపు నలుగురికీ కనపడకుండా కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను. ఎదురుగా ఆ కొండ. బండలు, బండల మీద కోటగోడ, గోడ పైన మళ్లీ బండలు. అంత ఎత్తున గోడ కట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చిందో, ఆ రాళ్లను మోసిన వాళ్లెవరో అనుకుంటూ ఉండగానే ఏడుపు సంగతి మర్చిపోయాను. ఒక్కసారి పైకెక్కి నిలబడాలని ఆ రోజే అనుకున్నాను. ఇరవై ఏళ్లకు పైగా అనుకుంటూనే ఉన్నాను.

పెద్ద కోరికేం కాదు. బంగారం అడగలేదు, బెంగుళూరులో ఇల్లు అడగలేదు. రైలెక్కితే గంటలోపు వచ్చే ఊళ్లో ఉన్న కొండ ఎక్కాలన్నాను. అయితే మా వైపు కొండ ఎక్కడానికి కారణం ఉండాలి. మొక్కు ఉండాలి, లేకపోతే మేక తప్పిపోయి ఉండాలి. ఈ మధ్య పెళ్లికి ముందు ఫోటోలు తీయించుకునే జంటలకు కూడా అనుమతి వచ్చింది. ఈ మూడూ కాకుండా ఊరికే ఎక్కుతానంటే మనిషికి ఏదో అయిందని అర్థం. మా అత్త బతికున్న రోజుల్లో ఈ మాట చెబితే నన్ను పైనుంచి కింది దాకా చూసి, "ఇంట్లో మిద్దె ఉండాది కదా, ఎక్కు. బట్టలు ఆరేసినట్ల ఉంటాది," అంది.

మా ఆయన మాత్రం ఎప్పుడూ కాదనలేదు. "దానికేముండాది, ఆదివారం పోదాం," అనేవాడు. హార్డ్‌వేరు అంగడి నడిపే మనిషి కాబట్టి మొలల దగ్గర్నుంచి మోటార్ల దాకా అన్నిటికీ "దానికేముండాది" అనడం అలవాటు. మంచివాడు. ఒక్కటే ఇబ్బంది. దారిలో చుట్టం ఇల్లుంటే ఆయన కాలు ఆ ఇల్లు దాటదు.

ఇది ఆయన ఒక్కడి జబ్బు కాదు. మా వైపు అదొక చట్టం. చుట్టాల ఊరి మీదుగా పోతూ ఇంటికి రాలేదంటే ఆ మాట ఆ మనిషి పోయినా పోదు. మా మామ తరఫు వాళ్లెవరో కదిరి తేరుకు పోతూ గోరంట్లలో బస్సు మారారట. బస్టాండుకు ఎదురుగానే చిన్నాన్న ఇల్లు. బస్సు సిద్ధంగా ఉందని ఎక్కేశారు. కిటికీలోంచి చిన్నమ్మ చూసింది. అంతే, రెండు కుటుంబాలకూ మాటల్లేవు. ఇప్పుడున్న పిల్లలకు ఆ గొడవ ఎందుకొచ్చిందో తెలియదు, కానీ మాట్లాడకూడదని మాత్రం బాగా తెలుసు.

హిందూపురం నుంచి పెనుకొండకు పోయే రోడ్డులో సోమందేపల్లి ఉంది. అక్కడ మా ఆయనకు మేనమామ ఉన్నాడు. ఇక పెనుకొండలో, కొండకు పోయే దారిలోనే, మా ఆయన సొంత అక్క ఇల్లు. అంటే నాకు వదిన. ఆ ఇంటి మీద కాకి వాలినా తిని పోవాల్సిందే.

మొదటిసారి మేం కొండకు బయల్దేరిన రోజు సోమందేపల్లిలో బొరుగుల ఉగ్గాని, బజ్జీలు తిన్నాం. వద్దంటే మేనమామ, "మా ఇంట్లో తినేకి మీకు నామోషీనా?" అన్నాడు. నామోషీ లేదని నిరూపించడానికి మా ఆయన రెండోసారి వడ్డించుకున్నాడు. పెనుకొండ చేరేటప్పటికి ఎండ నెత్తికెక్కింది. వదిన ఇంటి బయటే నిలబడి ఉంది. లోపల ఓళిగలు, అంటే బొబ్బట్లు, నాటుకోడి పులుసు, సంగటి, చిత్రాన్నం, పప్పు, నంజుకోవడానికి ఊరబిండి. "ఏం చేయలేదు పాపా, ఉన్నింది పెట్టిండా," అంది. ఉన్నది అంత ఉంటే లేనిది ఏమిటో నాకు అర్థం కాలేదు. తిన్నాం. తిన్నాక ఎవరైనా ఏం చేస్తారు? మా ఆయన అరుగు మీద ఒరిగాడు. నేను గడపలో కూర్చుని కొండను చూశాను. కొండ నన్ను పట్టించుకోలేదు. ఆయన లేచేటప్పటికి పొద్దు వాలి మాపటేళయింది. కొండను వెనక పెట్టుకుని వీధిలో నిలబడి ఫోటో దిగాం. ఆ ఫోటో మా ఇంట్లో ఇప్పటికీ ఉంది. చూసినవాళ్లంతా "పెనుకొండ పోయినారా?" అంటారు. మా ఆయన "ఊఁ, ఎక్కినాం," అంటాడు.

రెండోసారి నేను తెలివి ఉపయోగించాను. తిండి మనమే కట్టుకుపోతే ఎవరింటికీ పోనక్కర్లేదు కదా అని తెల్లవారకముందే లేచి పులిహోర కలిపాను, వడలు వేశాను. మా ఆయన మెచ్చుకుని వెంటనే వాళ్లక్కకు ఫోన్ చేశాడు. "అక్కా, మేం వస్తాండాం గానీ నువ్వేం చేయొద్దు, తిండి మేమే తెచ్చుకుంటాండాం," అన్నాడు. మా వైపు "ఏం చేయొద్దు" అంటే ఏమిటో తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. ఇంకో రెండు రకాలు ఎక్కువ చేయమని. పోయేసరికి వదిన క్యారియర్లు కట్టి పెట్టింది. "ఇంట్లో తినకుంటే పాయ, కొండమీద తినండి," అంది. నీళ్ల క్యాను, చాపలు, రెండిళ్ల క్యారియర్లు మోసుకుంటూ బయల్దేరాం. నువ్వూ రా వదినా అంటే, గిన్నెలు తోముకునే పనుందని ఉండిపోయింది.

కోట మొదటి వాకిలి దగ్గరికి చేరామో లేదో మా ఆయన, "ఈడ నీడ బాగుండాది," అన్నాడు. నీడ బాగుందంటే ఇక కొండ అయిపోయినట్టే. చాప పరిచాం. తింటూ ఉండగా కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే కొరియా వాళ్లు ఇద్దరు పైకి పోయారు. ఇప్పుడు పెనుకొండలో కొన్ని అంగళ్లకు కొరియా అక్షరాల బోర్డులున్నాయి కాబట్టి మాకు వాళ్లు కొత్త కాదు. చేతిలో ఒక్కొక్క నీళ్ల సీసా, అంతే. మేం పెరుగన్నం దాకా వచ్చేసరికి వాళ్లు దిగి వచ్చారు. మా ఆయన వాళ్ల చేతులు పట్టుకుని కూర్చోబెట్టి ఓళిగలు పెట్టాడు. నేను పైకి చూపించి, ఎలా ఉందని చేతులతో అడిగాను. వాళ్లలో ఒకాయన నోట్లో ఓళిగ ఉండటంతో బొటనవేలు పైకెత్తి చూపించాడు. సముద్రాలు దాటి వచ్చిన మనిషికి మా కొండ ఎలా ఉంటుందో తెలుసు. నాకు తెలియదు. ఆ రోజు నాకు వచ్చిన కోపం క్యారియర్ల మీద చూపించాను. ఒక మూత ఇప్పటికీ సరిగ్గా పట్టదు.

మూడోసారి గురించి ఎక్కువ చెప్పను. వదిన ఇంట్లో భోజనం అయ్యాక, "ఇంత తిని కొండ ఎట్ల ఎక్కుతాం, కుంభకర్ణుని బొమ్మ కాడికి పోదాం," అన్నాడు మా ఆయన. పెనుకొండలో పడుకున్న కుంభకర్ణుడి పెద్ద బొమ్మ ఉంది. దాని పక్కనే గడ్డిలో ఈయన కూడా పడుకున్నాడు. ఇద్దరికీ తేడా ఏమిటని మా పిల్లలు అడిగితే, బొమ్మ గురక పెట్టదని చెప్పాను.

ఆలోచిస్తే మేం చూసిన చోట్లన్నీ ఇలాగే చూశాం. లేపాక్షి అంటే పులిహోర పాచిపోయిన రోజు. ధర్మవరం చెరువు అంటే మిరపకాయ బజ్జీలు. ఏ ఊరి గురించి మాట్లాడినా ఆ రోజు ఏం తిన్నామో గుర్తుంటుంది, ఏం చూశామో గుర్తుండదు.

పోయిన ఏడాది నా మోకాలు నొప్పెట్టడం మొదలుపెట్టింది. ముందు మెట్లెక్కుతుంటే కలుక్కుమనేది. తర్వాత కింద కూర్చుంటే లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చేది. డాక్టరు ఎక్స్‌రే ఫిల్మును వెలుతురుకు పెట్టి చూసి, ఎముకల మధ్య అరిగిపోయిందని, ముందు ముందు ఆపరేషను తప్పదని చెప్పాడు. మెట్లు తగ్గించమన్నాడు. నా ముఖం చూసి పాపమనుకున్నాడేమో, "ఎక్కాల్సిన చోట్లు ఏమన్నా మిగిలింటే ఇప్పుడే ఎక్కేయమ్మా," అని నవ్వాడు. ఆయన సరదాకే అన్నాడు. నాకు మాత్రం గుండెలో గుచ్చుకుంది. మిగిలింది ఒక్కటే చోటు. ఇప్పుడు ఎక్కకపోతే ఇక రైలు కిటికీలోంచి చూడటమే.

ఇంటికొచ్చి మా ఆయనకు చెప్పాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు. "దానికేముండాది, ఈ ఆదివారమే పోదాం," అన్నాడు. నేను ఊపిరి పీల్చుకునేలోపే ఫోన్ తీసి, "అక్కకు ఒక మాట చెప్తా," అన్నాడు. నేను ఫోన్ లాక్కుని, ఈ ఆదివారం వద్దులే, కాలు నొప్పిగా ఉందన్నాను.

తర్వాతి ఆదివారం ధర్మవరం పోయి అమ్మను చూసి వస్తానని చెప్పాను. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆయనతో అబద్ధం ఆడటం అలవాటు లేదు, కొంచెం బెదురుగానే ఉంది. "మరి నా భోజనం?" అన్నాడు. హోటల్లో తినమన్నాను. హోటల్ తిండి ఆయనకు పడదని తెలిసే అన్నాను. మా అబ్బాయి బూట్లు సంచిలో పెట్టుకుని పొద్దున రైలెక్కి పెనుకొండలో దిగాను. స్టేషన్లోనే బూట్లు వేసుకున్నాను. చీర కుచ్చిళ్ల కింద అవి పడవల్లా కనిపించాయి. తల మీద కొంగు కప్పుకుని వదిన ఇంటి వీధి తప్పించి చుట్టు తిరిగి పోవాలని నా పథకం. దొంగతనానికి పోయేవాళ్లు కూడా అంత జాగ్రత్తగా నడిచి ఉండరు.

కూరగాయల అంగడి దగ్గర మలుపు తిరిగాను. చేతిలో కొత్తిమీర కట్టతో ఎదురుగా మా వదిన.

"పాపా, నువ్వేనా?" అంది. "ఈడేం చేస్తాండావు?"

"ధర్మవరం పోతాండా వదినా."

"ధర్మవరం పోయేదానివి పెనుకొండలో దిగినావే?" అని నా కాళ్ల వైపు చూసింది. "బూట్లేంది?"

ఇక దాచి లాభం లేదు. అదీగాక ఇన్నేళ్ల కోపం ఒక్కసారిగా పైకొచ్చింది. "కొండెక్కేకి వచ్చిండా. మీ ఇంటికి రాలేదు, వచ్చేదీ లేదు," అన్నాను. "వస్తే నువ్వు వండుతావు. వండితే తినాల. తింటే ఆయన పండుకుంటాడు. నా మోకాలు పోయింది వదినా. ఇప్పుడు ఎక్కకుంటే ఈ జన్మకు ఎక్కేది లేదు. కోపం చేసుకుంటే చేసుకో."

కూరగాయల ఆమె చెయ్యి తక్కెడ మీద ఆగిపోయింది. గోరంట్ల చిన్నమ్మ గుర్తొచ్చింది నాకు. మా రెండు కుటుంబాలు కూడా అయిపోయాయి, రేపు నా మనవళ్లు ఈమె మనవళ్లతో మాట్లాడరు అనుకున్నాను.

వదిన కొత్తిమీర కట్టను తిరిగి గంపలో పెట్టింది. "పద," అంది.

"యాడికి?"

"కొండకే. నేను కూడా చూళ్లేదు."

నేను నమ్మలేదు. ఆమె ఆ కొండ కిందికి కాపురానికి వచ్చి ముప్పై ఏళ్లు దాటింది. కొడుకులు ఇక్కడే పుట్టి పెరిగి ఉద్యోగాలకు పోయారు. వదిన వాళ్లాయన ఆ రోజు ఊళ్లో లేడు, పొలం కౌలు సంగతి మాట్లాడటానికి తలుపుల అనే ఊరికి పోయాడట. ఇంటికి తాళమేసి, తాళంచెవి పక్కింట్లో ఇచ్చి కూరగాయలకు వచ్చింది. "ఎప్పుడూ పోలేదా వదినా?" అని మళ్లీ అడిగాను.

"యాడ పోయేది? కొండ చూసేకి వచ్చినోళ్లకు వండి పెట్టేకే సరిపాయ."

ఇద్దరం నడిచాం. నా దగ్గర ఒక నీళ్ల సీసా, ఆమె చేతిలో ఖాళీ కూరల సంచి. మా ఇంటి చరిత్రలో తిండి లేకుండా కొండకు బయల్దేరింది మేమే. మొదటి వాకిలి దగ్గర నీడ బాగానే ఉంది. ఆగకుండా దాటాను. బండల మీద ప్రేమికుల పేర్లు రంగులతో రాసి ఉన్నాయి, కొన్ని పేర్లు కొట్టేసి పక్కన వేరే పేర్లు కూడా రాశారు. చిప్స్ కవర్లు ముళ్లకంపలకు తగులుకుని ఎగురుతున్నాయి. వదిన హవాయి చెప్పులతోనే నాకంటే ముందు పోతోంది.

కొంత దూరం పోయాక, ముఖం నా వైపు తిప్పకుండానే అంది. "మీరు వస్తాండారని ఫోన్ వస్తే నాకు గుండె జారిపోయేది పాపా. తెల్లార్లూ ఓళిగలకు పప్పు రుబ్బేదాన్ని. నడుము పడిపోయేది. ఒకతూరి జ్వరం కూడా ఉన్నింది."

"చెప్పొచ్చు కదా?"

"ఎట్ల చెప్పేది? పుట్టింటోళ్లు వస్తే అన్నం పెట్టలేదంటారు. మీరేమో తట్ట ఖాళీ చేసి మళ్లా పెట్టు అక్కా అంటిరి. నా వంటకే వస్తాండారు అనుకుంటి."

"నువ్వు బాధపడతావని తిన్నాం వదినా. ఆయన మాట నాకు తెలీదు, నేను మాత్రం గొంతుదాకా వచ్చినా మింగినా."

ఆమె ఆగి వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఇద్దరికీ నవ్వు రాలేదు. ఇన్నేళ్లు ఈమె వల్లనే నా కొండ పోయిందని లోపల తిట్టుకున్న మాట నిజం. ఓళిగ నోట్లో పెట్టుకుని నవ్వుతూనే తిట్టుకున్నాను. ఆమె కూడా వడ్డిస్తూ నన్ను తిట్టుకునే ఉంటుంది, అందులో తప్పేమీ లేదు.

పైకి ఇంకా కొంత ఉందనగా నా మోకాలు నిలిచిపోయింది. ఒక బండ మీద కూర్చుంటే లేవడం నా వల్ల కాలేదు. లోపల ఎవరో మొల దిగ్గొడుతున్నట్టు ఉంది. పైన గోడ కనిపిస్తోంది. అంత దగ్గర. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

"నువ్వు పో వదినా," అన్నాను. "నువ్వన్నా చూసిరా."

ఆమె నా పక్కకు వచ్చి నిలబడింది. "ఈడ కూచున్నా నొప్పే, ఇంటికి పోయినా నొప్పే కదా?" అంది. "ఆ నొప్పేదో పైన కూచోని పడుదువులే. లెయ్."

రుబ్బి రుబ్బి గట్టిపడిన చేతులవి. ఒక్క లాగు లాగితే లేచి నిలబడ్డాను. ఆమె భుజం మీద బరువు వేసి, ఒక్కో మెట్టూ రెండు కాళ్లూ కూడదీసుకుని ఎక్కాను. మా పక్కనుంచి ఒక కుర్రాడు ఫోన్లో పాట పెట్టుకుని పరుగున పైకి పోయాడు. నాకు వాడి మీద కూడా కోపం వచ్చింది.

పైకి చేరాం. గాలి కొంగును పట్టి లాగింది. కూలిన గోడలు, ఎండిన గడ్డి, దూరంగా ఎరుపు తిరిగిన పొలాలు, ఎండలో మెరిసే ఫ్యాక్టరీ కప్పులు. గొప్ప వింతలేం లేవు. అయినా నాకు కళ్లనిండా నీళ్లొచ్చాయి. వచ్చాను, నా కాళ్లతో వచ్చాను అని గట్టిగా అనాలనిపించి అనేశాను. వదిన నా మాట వినలేదు. అంచున నిలబడి కింద ఊరిని వెతుకుతోంది.

"మా ఇల్లు యాడుండాది పాపా? కనపడలేదే."

నేను పక్కన నిలబడి వీధిని పోల్చుకున్నాను. "అదో, ఆ నీళ్ల ట్యాంకుకు ఈ పక్క..." అని వేలెత్తాను.

ఆమె నా చెయ్యి పట్టుకుని కిందికి దించింది. "వద్దులే," అంది. "చూపించొద్దు."

గోడ నీడలో కూర్చున్నాం. నా మోకాలు ఉబ్బింది. సీసాలో నీళ్లు చెరి సగం తాగాం. ఇద్దరికీ ఆకలేస్తోంది, తినడానికి ఏమీ లేదు. అంత హాయిగా నేను ఎక్కడా కూర్చోలేదు.

అప్పుడు వదిన ఫోన్ మోగింది. పెద్దగా మాట్లాడితే తప్ప ఆమెకు వినపడదు కాబట్టి స్పీకరు పెట్టింది. మా ఆయన గొంతు.

"అక్కా, యాడుండావు? మీ ఇంటి ముందర నిలబడుండా. తాళమేసుండాది."

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నాను. ఇంట్లో వండే మనిషి లేదని మధ్యాహ్నం భోజనానికి బండేసుకుని హిందూపురం నుంచి అక్క ఇంటికి వచ్చాడు.

"కొండ మీదుండా," అంది వదిన.

"కొండ మీదా? ఏంటికి?" అన్నాడు. "ఎప్పుడు దిగుతావు? ఆకలిగా ఉండాది అక్కా."

నేను వదిన ముఖం చూస్తూ ఉన్నాను. ఆమె చెయ్యి తనకు తెలియకుండానే కూరల సంచి మీదికి పోయింది. లేవబోతున్నట్టు ఒక కాలు ముడిచింది. అంతలోనే ఆ కాలు మళ్లీ చాపుకుంది.

"తాళంచెవి పక్కింట్లో ఉండాది," అంది. "బియ్యం పొయ్యి కిందున్న డబ్బాలో ఉండాయి. పప్పుకు బ్యాళ్లు దాని పక్కన. మేం దిగేటప్పటికి ఇద్దరికీ వండి పెట్టు."

"నాకు వండేది రాదు కదక్కా. ఇద్దరెవరు? ఇంగెవరుండారు ఆడ?"

వదిన ఫోన్ నా చేతికిచ్చి, వీపు గోడకు ఆనించి కళ్లు మూసుకుంది.

"నేనే," అన్నాను. "ఉప్పు చూసుకొని వెయ్యి."